తాళం వేసిన వాతావరణం

సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని లెక్కగట్టే ఉద్యోగం నాది. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న సందులో, మూడో అంతస్తులో మా ఆఫీసు. కింద రెండంతస్తుల్లో పిల్లలు కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటుంటారు. పైన మేం తొమ్మిది మందిమి, చమురు అయిపోయిన సముద్రపు బావులను ఎలా మూసెయ్యాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఎంతవుతుంది అని లెక్కలు వేస్తుంటాం. ఈ మాట చెబితే మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు "అంటే బోర్లు పూడ్చే కంట్రాక్టా?" అని అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు అవునని ఊరుకుంటాను.

ఆలోచిస్తే వాళ్ళన్నది తప్పేం కాదు. చమురు ఉన్నన్నాళ్ళు తోడుకుని, అయిపోయాక చేతులు దులుపుకుని పోతానంటే కుదరదు. బావుల్లో సిమెంటు నింపాలి. పైపులు కోయాలి. నడిసముద్రంలో నిలబెట్టిన ఇనుప కట్టడాన్ని విప్పి ఒడ్డుకు తేవాలి. పెళ్ళిపందిరి వేసేటప్పుడు వందమంది పోగవుతారు, విప్పేటప్పుడు ఒక్కడూ కనపడడు. ఆ విప్పే పనికి ప్లాను రాసేవాళ్ళం మేము.

మా సార్ కేదార్‌ది బేగంపేట. ఇరవై ఏళ్ళు ముంబైలో ఉండి, అటువైపు పడమటి సముద్రంలో పనిచేసి వచ్చి ఈ ఆఫీసు పెట్టాడు. మంచి మనిషే, ఎవరి జీతమూ ఒకటో తారీఖు దాటనివ్వడు. ఆయన తయారుచేసిన ఎక్సెల్ ఫైలే మా అందరికీ అన్నం పెడుతుంది. ఏ కొత్త పని వచ్చినా ఆ ఫైలు తెరిచి, పేరు మార్చి, బావులెన్ని, నీటి లోతెంత, ఒడ్డు ఎంత దూరం అన్నవి మారిస్తే చాలు. మిగతాదంతా దానంతట అదే లెక్క కట్టేస్తుంది. అందులో ఒక్క షీటుకు మాత్రం పాస్‌వర్డు ఉంది. దాని పేరు వాతావరణం. ఏ నెలలో సముద్రం ఎలా ఉంటుంది, ఎన్నాళ్ళు పని ఆగుతుంది అన్నది అందులోనే ఉంటుంది. ఎప్పుడో ఎవడో వేలు పెట్టి చెడగొట్టాడని సార్ దానికి తాళం వేశాడు. పాస్‌వర్డు ఆయన ఒక్కడికే తెలుసు. తాళం వేసి ఉన్న గది గురించి ఎవరు పట్టించుకుంటారు? మేమూ పట్టించుకోలేదు.

ఈ ఏడు జూలైలో మా చేతిలో ఉన్నది కాకినాడ అవతలి సముద్రంలో ఒక చిన్న ఫీల్డు. దాన్ని ఈమధ్యే కొనుక్కున్న కంపెనీ ఆఫీసు పంజాగుట్టలో ఉంది. వాళ్ళకు తక్కువ కిరాయికి ఒక బార్జి దొరికింది. బార్జి అంటే పెద్ద బల్లపరుపు పడవ. ఇంజను ఉండదు. పైన క్రేను, పనివాళ్ళు పడుకునే గదులు, వంటిల్లు అన్నీ ఉంటాయి కానీ, కదలాలంటే ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాక్కెళ్ళాల్సిందే. ఆ బార్జి అక్టోబరు మొదలు డిసెంబరు ఆఖరి దాకా ఖాళీ. మా ఫైలులో ఆ మూడు నెలలు వేస్తే లెక్క చక్కగా కుదిరింది. పని ఆగే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా రాలేదు. కంపెనీ వాళ్ళకు సంతోషం, సార్‌కు సంతోషం.

మా ఇంట్లో అంతకన్నా సంతోషం. ఎందుకంటే అదే బార్జి మీద పనికి మా తమ్ముడు ఆషెర్‌కు పిలుపు వచ్చింది. వాడు రిగ్గర్. క్రేను కింద నిలబడి బరువులకు ఇనుప తాళ్ళు బిగిస్తాడు. ఎనిమిది నెలలుగా పని లేక మధురానగర్‌లో మా రెండు గదుల ఇంట్లో గోడలు చూస్తూ పడి ఉన్నాడు. అమ్మ దేవమణి లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున నాలుగ్గంటలకు లేచి వంద మందికి ఇడ్లీలు వేసి వచ్చే మనిషికి, పడుకుని ఉన్న కొడుకును చూస్తే ఎలా ఉంటుంది? పిలుపు వచ్చిన రోజు ఆమె పక్కింటికీ కిందింటికీ సేమియా పంచింది. కిందింటి లచ్చమ్మ కొడుకు నరేశ్‌ను కూడా వీలైతే తనతో తీసుకుపోతానని వీడు మాటిచ్చాడట. సముద్రంలో నేను రాసిన ప్లాను మీద నా తమ్ముడు పనిచేస్తాడని నేనూ తెగ మురిసిపోయాను.

ప్రతి బుధవారం సాయంత్రం మా సంఘం వాళ్ళు ఎవరో ఒకరింట్లో ప్రార్థన పెట్టుకుంటారు. ఆ వారం మా ఇంటి వంతు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన అంశాలు చెప్పమంటారు. ఎవరి బాధ వాళ్ళు పైకి చెప్పుకోవాలి, మిగతావాళ్ళు దాన్ని తమ బాధగా మోసుకుపోయి వారమంతా ప్రార్థన చెయ్యాలి. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి కోర్టు కేసు, ఒకరి పిల్లకు పరీక్షలు. మా అమ్మ వంతు వచ్చింది. ముందు పని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"గని వీడు పోయేది నవంబర్లకు పడ్తది. ఆ దిక్కు సముద్రం నవంబర్ల మంచిగుండది. మూడేండ్ల కింద గదే నెలల వీడు చావుదప్పి కన్ను లొట్టవోయి ఇంటికొచ్చిండు. గాలికి పడవ తాడు తెగిందట. జర అందరు దేవున్ని అడుగుండ్రి."

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. మూసుకున్న రెప్పల వెనక మా ఫైలు కనపడింది. నవంబరు పక్కన ఆకుపచ్చ గడి. పని ఆగే రోజులు దాదాపు లేవు.

కళ్ళు తెరిచేశాను. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిస్తే అమ్మ ఊరుకోదు, అయినా తెరిచేశాను. నవంబరులో బంగాళాఖాతం ప్రశాంతంగా ఉంటుందా? దీపావళి టపాకాయలు తడిపే తుఫాన్లు ఎటు నుంచి వస్తాయో టీవీలో వార్తలు చూసే చిన్నపిల్లనడిగినా చెబుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అల్లకల్లోలం, ఆపైన మే దాకా నెమ్మది. అది పడమటి సముద్రం సంగతి. సార్ ముంబైలో చూసిన సముద్రం అది. మన సముద్రం ఆ నెమ్మది నెలల్లోనే లేస్తుంది. ఈ సంగతి మాకెవరికీ తెలియక కాదు. ఫైలుకు తెలియదు, మేం ఫైలును నమ్ముకుని కూర్చున్నాం. ఛీ, ఇంత చదువు చదివి ఏం లాభం అని నా మీద నాకే మండింది.

ఎదురుగా ఆషెర్ తల వంచుకుని, కొత్త సేఫ్టీ షూల పెట్టె పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే సార్ తన సీట్లో కూర్చోకముందే వెళ్ళి, వాతావరణం షీటు తెరవమన్నాను. ఆరోజు మధ్యాహ్నం మూడింటికి పంజాగుట్టలో రిపోర్టు ఇచ్చేయాలి. ఇప్పుడు దాంతో ఏం పనని విసుక్కున్నాడు. నేను కదల్లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ఇంకేం అనకుండా పాస్‌వర్డు కొట్టాడు.

షీటు తెరుచుకుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎర్రగా, మిగతా ఏడాదంతా పచ్చగా ఉంది. సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ షీటు తెరిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఇన్నాళ్ళూ వచ్చిన పనులన్నీ పడమటి వైపువే. తూర్పు వైపు పని ఇదే మొదటిది. పేరు మార్చాం, లోతు మార్చాం, దూరం మార్చాం. సముద్రాన్ని మార్చడం మర్చిపోయాం.

ఇద్దరం కూర్చుని తూర్పు తీరపు వాతావరణం వేసి చూశాం. పని మూడు నెలల్లో ఇమడలేదు. నవంబరు మొత్తం కొట్టుకుపోయింది, డిసెంబరులో సగం పోయింది. పని జనవరికి వాయిదా పడింది. జనవరికి ఆ చవక బార్జి ఉండదు, ఇంకోటి తేవాలి. మొత్తం ఖర్చు ఒకటిన్నర రెట్లయి కూర్చుంది. అది చూసి సార్ లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిందంతా నేను కాదనలేనిదే. రావలసిన పనులు రెండు వాయిదా పడ్డాయి. ఈ పని చేతిలో ఉంటేనే వచ్చే ఏడాది దాకా ఆఫీసు నడుస్తుంది. ఇవాళ ఇంత పెద్ద అంకె తీసుకుపోతే వాళ్ళు మమ్మల్ని బయటికి పంపి, తక్కువ రాసిచ్చేవాణ్ణి పిలుస్తారు. కాబట్టి లెక్క ఉన్నదున్నట్టే ఉంచి, వెనక పేజీలో "వాతావరణాన్ని బట్టి మార్పులు ఉండవచ్చు" అని ఒక లైను చేరుద్దామన్నాడు. వెనక పేజీ ఎవడు చదువుతాడని అడిగాను.

"చదవాలె. చదవకపోతే వాళ్ళ కర్మ," అన్నాడు.

"వాళ్ళ కర్మ కాదు సార్. మా తమ్ముని కర్మ. ఆ బార్జి మీద వాడున్నడు."

ఆయనకు అంతదాకా తెలియదు. నా మొహం చూశాడు, కిటికీలోంచి కనపడే మెట్రో స్తంభాన్ని చూశాడు. తర్వాత మెల్లగా, నిజంగా నా మేలు కోరే అన్నాడు.

"ఒక పని చేద్దాం బేటా. నీ తమ్మున్ని ఆడికి పంపకు. ముంబైల నాకు మస్తుమంది తెలుసు. ఇయ్యాలనే ఫోన్ చేసి ఇంకో పని ఇప్పిస్త. ఫికర్ చెయ్యకు."

అబద్ధమెందుకు చెప్పాలి, ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. వాడు బతుకుతాడు, వాడికి పని ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది, అమ్మ నవ్వుతుంది. ఇంకేం కావాలి? సరే సార్ అన్నాను కూడా. ఆయన నా ఎదురుగానే ముంబైకి ఫోన్ చేసి, వాడి పేరూ నంబరూ చెప్పాడు. నేను వెనక పేజీలో ఆ ఒక్క లైను టైపు చేసి ప్రింటు తీశాను.

పంజాగుట్ట ఎంత దూరమని, నడిచినా పోవచ్చు. కానీ చినుకులు పడుతున్నాయని ఆటో ఎక్కాం. రిపోర్టు తడవకుండా సార్ షర్టు లోపల పెట్టుకున్నాడు. మెట్రో కింద బండ్లు కదలడంలేదు. అప్పుడే ఆషెర్ ఫోన్ చేశాడు. ముంబై నుంచి ఎవరో మాట్లాడారట, మంచి పనేనట, కానీ వాడికి ఏమీ అర్థం కావడంలేదు. కాకినాడ పనికి మాటిచ్చాను కదా, ఇప్పుడెలా అని అడిగాడు. నేను ఇదే మంచిది, దీనికే పొమ్మన్నాను.

"సరే గని అక్క, నా జాగల నరేశ్‌ను పెడ్తరట. మేస్త్రిని అడిగిన, ఒప్పుకున్నడు. వాడు ఎగిరి గంతులేస్తుండు. లచ్చమ్మ పెద్దమ్మ నీకు దండం పెడ్తాన్నని చెప్పమన్నది."

ఫోన్ పెట్టేశాను. ఆటో అంగుళం కదిలింది, మళ్ళీ ఆగింది. లచ్చమ్మ నాకు దండం పెడుతోందట. ఆమె కొడుకును మా తమ్ముడి చోట ఎక్కించి నేను ఆటోలో కూర్చున్నాను. దాని బదులు ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. ఎందుకు ఈ నరేశ్ పేరు ఇప్పుడే వినాలి నేను? మీటింగు అయ్యాక చెప్తే నీ సొమ్మేం పోయిందిరా అని ఆషెర్ మీద కోపం వచ్చింది. సార్ ఏమైందని అడిగాడు. ఏం లేదన్నాను.

కంపెనీ ఆఫీసులో పెద్ద బల్లకు అటువైపు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన రాజనర్సయ్య, ప్రాజెక్టు పెద్ద. మాట తక్కువ మనిషి. మిగతా ఇద్దరూ డబ్బు చూసుకునేవాళ్ళు. సార్ చెప్పాల్సిందంతా చెప్పాడు. వాళ్ళు అంకె చూసుకుని తలలూపారు. ఇక సంతకాలు. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ఆఖరి పేజీలో మూడు గళ్ళుంటాయి. తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. కిందివాళ్ళ సంతకం పడందే పైవాళ్ళు పెట్టరు. మొదటి గడి నాది.

రాజనర్సయ్య గారు పేజీ నా వైపు జరిపి పెన్ను ఇచ్చారు.

పెన్ను పట్టుకున్నాను. గడిలో నా పేరు అచ్చువేసి ఉంది. పక్కనుంచి సార్ ఊపిరి వినిపిస్తోంది. ఒక్క గీత గీస్తే అయిపోతుంది, ఇంటికి పోవచ్చు. నా చెయ్యి మాత్రం రాలేదు.

"సార్, ఇందుల నవంబర్ తప్పున్నది," అన్నాను. "ఇది ముంబై దిక్కు నవంబర్. మన దిక్కుది కాదు."

సార్ వెంటనే అందుకున్నాడు. అమ్మాయి కంగారు పడుతోందని, వాతావరణం సంగతి వెనక పేజీలో రాశామని చెప్పాడు. రాజనర్సయ్య గారు వెనక పేజీ తిప్పి, ఆ లైను చదివి, మళ్ళీ ముందుకు తిప్పారు. ఆ చదవడం ఒక్క క్షణమే. నాకు మాత్రం ఎంతకీ తరగలేదు.

"జనవరికి జరిపితే గా బార్జి దొరకది. తెలుసా?" అని నన్నడిగారు.

"తెలుసు సార్."

"మల్ల?"

"ఆ బార్జి మీద నూట నలభై మంది పండుకుంటరు. దానికి ఇంజన్ లేదు. తుఫాన్ వస్తే వాళ్ళను ఎప్పుడు, ఎటు తీస్కపోవాలె అని ఈ ప్లాన్ల ఒక్క ముక్క లేదు. ఎందుకంటే ఈ లెక్కల తుఫానే లేదు. నేను సంతకం పెట్ట సార్."

డబ్బు చూసుకునే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజనర్సయ్య గారు నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టారు. అరిస్తే బాగుండేది. ఆయన అరవలేదు. తయారుచేసినవాళ్ళ సంతకం లేకుండా దీన్ని ఖర్చు ఆమోదించే తమ కమిటీ ముందు పెట్టలేమని, కాగితాలు తీసుకుపొమ్మని, కేదార్ గారు ఒక్కరే ఉండమని చెప్పారు.

నేను కిందికి వచ్చి ఫ్లైఓవర్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. చాలాసేపటికి సార్ వచ్చాడు. తడవకుండా తెచ్చిన రిపోర్టును ఇప్పుడు వానలో చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"రేపటి సంది రాకు," అన్నాడు. "నువ్ చెప్పింది తప్పంటలేను. గని నా పక్కన కూసోని నా మెడ కోసినవ్."

పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నాను కదా అందామనుకున్నాను. కానీ మధ్యలో సరే అన్నది నేనే. ఆయన అమీర్‌పేట వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను మెట్రో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దాటిపోయేవాళ్ళు చూస్తే చూడనీ అనుకున్నాను.

కంపెనీ ఆ పనిని ఇంకో ఆఫీసుకు ఇచ్చింది. వాళ్ళూ జనవరే అన్నారు. ఇంకో బార్జి, దాని మనుషులు దానికే ఉన్నారు. నరేశ్ పిలుపు పోయింది. ముంబై పని సార్ మాట మీద వచ్చింది కాబట్టి అదీ పోయింది. ఎందుకు పోయాయో ఆషెర్‌కు నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. వాడు అంతా విని, షూల పెట్టెను మంచం కిందికి తన్నాడు.

"నన్ను బతికించిన అంటవు. మంచిదే. ఎట్ల బతకాలె, అది సుత చెప్పు."

అమ్మ వైపు చూశాను. నువ్వే కదమ్మా దేవున్ని అడగమన్నావని అన్నాను.

"కాపాడమన్న బిడ్డా," అంది అమ్మ. "కూడు తియ్యమనలె."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తర్వాత ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. బుధవారం ప్రార్థనల్లో ఆషెర్‌కు పని కావాలని అడిగేది, సంఘంలో ఎవరికి జ్వరం వచ్చినా పేరు పెట్టి అడిగేది. నా ఉద్యోగం ఊసు ఎత్తేది కాదు. కిందింటి లచ్చమ్మ నన్ను చూస్తే తలుపు దగ్గరికేసుకునేది. నేను మా పాత ఆఫీసు కిందనే, రెండో అంతస్తులో, కోచింగ్ సెంటర్లో ఎక్సెల్ నేర్పే పనిలో చేరాను. షీటుకు తాళం ఎలా వెయ్యాలో చెప్పే పాఠం వచ్చిన రోజు పిల్లల మీద ఊరికే కసురుకున్నాను. పాపం వాళ్ళకేం తెలుసు.

అక్టోబరులో ఆషెర్‌కు ఇంకో పిలుపు వచ్చింది. సముద్రం అడుగున పైపులు పరిచే ఓడ. అదే సముద్రం, అవే నెలలు. నరేశ్‌ను కూడా తీసుకుపోయాడు. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వెళ్ళేరోజు షూలు వేసుకుంటూ తలెత్తకుండానే అన్నాడు, ఈ పడవకు నీ లెక్క లేదు కద, సంతోషమని.

నవంబరు మూడో వారంలో వాయుగుండం అన్నారు, రెండ్రోజుల్లో తుఫాను అన్నారు. ఇక్కడ హైదరాబాదులో ఆకాశం మబ్బుపట్టి చల్లగా ఉంది, జనం మిర్చి బజ్జీల బండ్ల దగ్గర మూగి ఉన్నారు. ఆషెర్ ఫోన్ కలవడంలేదు. నరేశ్‌దీ కలవడంలేదు. లచ్చమ్మ ఇన్నాళ్ళకు మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చి, ఏమీ అడగకుండా గోడకానుకుని కూర్చుంది. ఆరోజు బుధవారం. ప్రార్థన మా ఇంట్లోనే.

పాటలు మొదలవుతుండగా నా ఫోన్ మోగింది. కేదార్ సార్. జూలై తర్వాత ఆయన గొంతు వినడం అదే. పలకరింపులేం లేవు. ఆషెర్ మళ్ళీ సముద్రం మీదికి పోయాడని కింద కోచింగ్ సెంటర్లో ఎవరో చెప్పారట. నీ తమ్ముడు ఏ ఓడ మీద ఉన్నాడని అడిగాడు. చెప్పాను. ఓడలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే మ్యాపు ఆయన కంప్యూటర్లో ఉంది. వెతికి, ఆగి, చెప్పాడు.

"నిన్న పొద్దుగూకినప్పుడు సముద్రం నడుమ ఉన్నది. ఆ తర్వాత గుర్తు కనబడ్తలేదు. నేను ఈడనే కూసుంట. కనబడంగనే చేస్త."

ఫోన్ పెట్టి వంటింట్లోనే నిలబడ్డాను. ఏ ఊళ్ళోనో, ఏ మూడో అంతస్తులోనో, నాలాంటి మనిషి ఒకరు కూర్చుని ఆ ఓడకు నెలలు వేసి ఉంటారు. ఆ మనిషి ఫైలులో నవంబరు ఏ రంగులో ఉంది? ఎర్రగానా, పచ్చగానా? అది తప్ప నా బుర్రలోకి ఇంకో ఆలోచన రాలేదు. అమ్మ లోపలికి వచ్చింది. నా మొహం చూస్తే ఆమెకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"బిడ్డా, ఆ పడవకు లెక్క ఎవరేసిన్రు?"

"తెల్వదమ్మా."

"నీ అసొంటోళ్ళెవరన్న ఉంటరా ఆడ?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళి అందరి మధ్యా కూర్చుంది. పాట సాగుతోంది. ఎవరి గొంతూ సరిగా కలవడంలేదు.

రెండో పాట సగంలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. అవతల గాలి హోరు, దాని మధ్య ఆషెర్. విశాఖపట్నంలో ఉన్నామన్నాడు. ఓడను మధ్యాహ్నం హార్బర్లోకి తెచ్చేశారు, ఓడ గుర్తు పంపే యంత్రమూ ఫోన్లూ తడిసి చచ్చిపోయాయి, ఇది లాడ్జి అతని ఫోను, నరేశ్ పక్కనే పడుకుని గురక పెడుతున్నాడు. నేను పక్క గదికి వినపడేలా ఇద్దరూ ఒడ్డునే ఉన్నారని కేకేశాను. పాట ఆగిపోయింది. లచ్చమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఆషెర్ ఇంకా ఏదో చెబుతున్నాడు. వాయుగుండం అనంగనే ఓడను వెనక్కి తిప్పాలని ప్లానులో రాసి ఉందట. కెప్టెన్ తిట్టుకుంటూనే తిప్పాడట. ఒడ్డున కూర్చున్న రోజులకు సగం జీతమేనట.

"అక్కా, ఎవరో రాసిన్రు," అన్నాడు.

నేను ఊఁ అన్నాను. సార్‌కు ఫోన్ చేసి చెబితే ఆయన హమ్మయ్య అని, వాతావరణం షీటుకు తాళం తీసేశానని, దానికీ దీనికీ సంబంధం లేకుండా చెప్పి పెట్టేశాడు.

నేను వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను. ముగింపు ప్రార్థన అయ్యగారే చెయ్యాలి. కానీ అమ్మ తానే మోకాళ్ళ మీదికి లేచింది. కొడుకును ఒడ్డుకు చేర్చినందుకు స్తోత్రం చెప్పింది, నరేశ్ పేరు చెప్పింది. అక్కడితో ఆపుతుందనుకున్నాను.

"తండ్రీ, ఆ లెక్క రాసిన బిడ్డ ఎవరో మాకు తెల్వదు," అంది. "ఆడివిల్లనో మొగపిలగాడో తెల్వదు. ఆ బిడ్డ నౌకరి పోకుండ చూడు. ఒకవేళ పోతే, ఇంట్లోళ్ళు ఆ బిడ్డ మీద అలుగకుండ చూడు."

అందరూ ఆమెన్ అన్నారు.